పియానో ముందు అరీతా ఫ్రాంక్లిన్

అలిపిరి మెట్ల దారిలో ఒకరు ‘ఏడుకొండలవాడా’ అని ఎత్తుకుంటే, వెనక వస్తున్నవారంతా ‘గోవిందా’ అని అందుకోవడం తిరుపతిలో పెరిగిన మా చెవులకు చిన్ననాటి నుంచీ అలవాటే. అమెరికన్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ ఒక మాట పాడగానే వెనక గొంతులు బదులు పలకడం నాకు పరాయిగా తోచకపోవడానికి కారణం అదే కావచ్చు. ఆ పద్ధతి ఆమెకు చర్చిలో అబ్బింది. 1942లో మెంఫిస్‌లో పుట్టిన అరీతా, తండ్రి సి.ఎల్. ఫ్రాంక్లిన్ పాస్టరుగా ఉన్న డెట్రాయిట్ చర్చిలో పాడుతూ పెరిగారు. పదో ఏడు నిండకముందే తల్లిని పోగొట్టుకున్నారు.

1960లో కొలంబియా రికార్డుల సంస్థలో చేరి ఎన్నో రికార్డులు చేసినా, ఆ గొంతుకు తగిన దారి అక్కడ దొరకలేదు. 1967 జనవరిలో అట్లాంటిక్ సంస్థ నిర్మాత జెర్రీ వెక్స్‌లర్ ఆమెను అలబామాలోని మజిల్ షోల్స్‌కు తీసుకువెళ్ళి పియానో ముందు కూర్చోబెట్టారు. అసలు మలుపు అదేనని నా నమ్మకం. ఎందుకంటే పాడే మనిషే పియానో కూడా వాయిస్తున్నప్పుడు, ఎక్కడ ఆగాలో, ఏ మాటను ఎంతసేపు సాగదీయాలో ఇంకొకరి చేతిలో ఉండదు. మరుసటి నెలలోనే, ఓటిస్ రెడ్డింగ్ రాసి పాడిన ‘రెస్పెక్ట్’ను ఆమె తిరిగి పాడారు. ఇంటికొచ్చిన మగవాడు అడిగే మర్యాద, అక్షరం అక్షరం విడదీసి పలికిన ఆమె నోట ఆడదాని హక్కయింది. వెనక అందుకున్నవారిలో అక్క ఎర్మా, చెల్లెలు కరోలిన్ ఉన్నారు.

1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని ఒక చర్చిలో, భక్తుల మధ్య, రెండు రాత్రులు పాడిన పాటలే ‘అమేజింగ్ గ్రేస్’ ఆల్బమ్. అప్పుడు చిత్రీకరించిన దృశ్యాలలో, పియానో వాయిస్తూ పాడుతున్న కూతురి ముఖాన పట్టిన చెమటను తండ్రి లేచి వచ్చి తుడుస్తారు. ఆమె మాత్రం పాట ఆపరు.

రాక్ సంగీత ప్రముఖులను గౌరవించే రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1987లో చోటు పొందిన తొలి మహిళ ఆమె. బిరుదుల కన్నా నన్ను కదిలించేది 2015లో స్వరకర్త కరోల్ కింగ్ సత్కారసభలో అరీతా పాడిన తీరు. అప్పటికి ఆమెకు డెబ్బై మూడేళ్ళు. పియానో దగ్గర మొదలుపెట్టి, పాట చివర్లో లేచి నిలబడి, ఒంటిమీది బొచ్చుకోటును నేల మీదికి జారవిడిచి పై స్థాయికి వెళ్ళారు. 2018 ఆగస్టు 16న డెట్రాయిట్‌లో కన్నుమూశారు. ఆమెను కొత్తగా వినదలచినవారికి నేను ‘రెస్పెక్ట్’ కన్నా ముందు ఆ చర్చి ఆల్బమ్‌నే చెబుతాను.