వాన కోసం రాను

"అమ్మమ్మ కోసమైతే వస్తాను. వాన కోసం రాను." ఈ నవంబర్ సెలవుల్లో కూడా నెల్లూరు వెళ్దామా అని అడిగితే మా అమ్మాయి చెప్పిన మాట ఇది. తొమ్మిదేళ్ళ పిల్ల. అరవలేదు, అలగలేదు. హోంవర్క్ చేసుకుంటూ తలెత్తకుండా చెప్పేసింది. అప్పటి నుంచీ నా మనసు మనసులో లేదు.

డల్లాస్‌లో మాకు తెలిసినవాళ్ళంతా పిల్లల్ని జూన్, జూలైల్లోనే ఇండియా తీసుకెళ్తారు. మేమూ అలాగే వెళ్ళేవాళ్ళం. ఆ నెలల్లో మా ఊరు ఎలా ఉంటుందో నెల్లూరు వాళ్ళకు చెప్పక్కర్లేదు. దేశమంతా వానలు మొదలయ్యాయని టీవీలో చెబుతుంటారు, మనకు మాత్రం ఉక్క తగ్గదు. పెన్నలో ఇసుక, చెరువుల్లో నెర్రెలు. పిల్లలు ఏసీ గది వదిలి రారు. నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలు దాటి మన తీరానికి వచ్చేసరికి వాటిలో తడి పెద్దగా మిగలదు. మన వాన బంగాళాఖాతం మీదుగా ఈశాన్యం నుంచి రావాలి. జిల్లాలో ఏడాది మొత్తం కురిసే వానలో సగానికి పైగా అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లోనే పడుతుంది.

మా అమ్మాయి స్కూలు ప్రాజెక్టులో "ఇండియాలో వానాకాలం జూన్ నుంచి సెప్టెంబర్" అని రాసుకుంది. మన ఊళ్ళో అలా కాదమ్మా అంటే, పుస్తకంలో ఇలాగే ఉంది అంది. నాకు అక్కడ పట్టుదల పుట్టింది. స్వాతి కార్తెలో ముసురు పట్టడం, చెరువు నిండి కలుజు పారడం, నారుమళ్ళు, నాట్లు, కూలీలు ప్లాస్టిక్ పట్టాలు కప్పుకుని వంగి నాటడం, ఇవన్నీ చూడకుండా ఈ పిల్ల నాది నెల్లూరు అని ఎలా అంటుంది? పోయిన ఏడాది థాంక్స్‌గివింగ్ సెలవులకు మరికొన్ని రోజులు కలుపుకుని బయల్దేరాం. మా అమ్మ ఫోనులో వద్దంటూనే ఉంది. "పిలకాయల్ని ఈ ముసురులో తేబాకమ్మా, సంక్రాంతికి రండి" అంది. సంక్రాంతికి ఇక్కడ స్కూళ్ళు సెలవివ్వవు. ఇచ్చినా నేను నవంబరే అనేదాన్నేమో.

వెళ్ళిన రోజు నుంచీ వాన. తలుపులు ఉబ్బి పట్టడం లేదు. ఉప్పు జాడీలో నీరు ఊరింది. బట్టలు హాల్లో ఫ్యాను కింద తాడు మీద ఆరీ ఆరక ముక్కవాసన. మా అమ్మ పులిసిన దోసె పిండితో వేడివేడిగా పులిబొంగరాలు వేసి పెడితే మా అమ్మాయి ప్లేటు తర్వాత ప్లేటు తినేసింది. నాకు సంతోషం పట్టలేదు. ఆ రాత్రే ఉసిళ్ళు వచ్చాయి. ట్యూబ్‌లైటు చుట్టూ వందల కొద్దీ మూగి, రెక్కలు రాలి అన్నంలో పడుతుంటే పిల్ల కేకలు పెడుతూ మంచమెక్కింది. మా అమ్మ ఏమీ అనలేదు. లైట్లన్నీ తీసేసి వరండాలో ఒక్క బల్బు వేసింది, దాని కింద వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పెట్టింది. ఆ వెలుగు నీళ్ళలో కనిపించి పురుగులన్నీ వచ్చి అందులో పడ్డాయి. మనవరాలు కాసేపటికి మంచం దిగి, అమ్మమ్మ కొంగు పట్టుకుని దూరం నుంచే చూసింది. పొద్దున వరండా నిండా రెక్కలు. చీపురు అడిగి తనే ఊడ్చింది.

కానీ వీధిలోకి మాత్రం రానంది. చీలమండ దాకా నీళ్ళున్నాయి. ఎదురింటి పిల్లలు కాగితం పడవలు వదులుతున్నారు. నేను చేయి పట్టుకుని లాగాను, గడప పట్టుకుని నిలబడిపోయింది. "ఈ నీళ్ళలో ఏముందో నీకు తెలుసా?" అని అడిగింది. నాకు కోపం వచ్చింది. వాదించడానికి నా దగ్గర మాటేమీ లేదు. వాన నీళ్ళలో ఎలుకల మూత్రం కలిస్తే, కాలికి చిన్న గీరుడు ఉన్నా లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు రావచ్చని ప్రయాణానికి ముందు తనకు చదివి వినిపించింది నేనే. డెంగీ దోమ పగలే కుడుతుందని ఇంట్లో కూడా పొద్దున్నే ఫుల్ ప్యాంటు వేయించిందీ నేనే. సీసా నీళ్ళు తప్ప తాగొద్దన్నదీ నేనే. ఇక్కడ చినుకు పడితే గొడుగు పట్టుకుని స్కూలు గేటు దాకా పరుగెత్తే తల్లిని, అక్కడ మాత్రం ఎదురింటి పిల్లల్లా నీళ్ళలో దూకమంటున్నాను.

ఆ రాత్రి పడుకునేటప్పుడు ఇంకో మాట అంది. "నువ్వు టీవీ చూసి ఏడ్చావు కదా, ఆ నీళ్ళే కదా ఇవి?" అని.

2021 నవంబర్ తనకు గుర్తుంటుందని నేను అనుకోలేదు. అప్పుడు తనకు నిండా అయిదేళ్ళు. ఆ నెల 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు వెళ్ళి పెన్నలో కలుస్తుంది, పెన్న సోమశిల జలాశయానికి వస్తుంది, సోమశిలలో పట్టనిదంతా నెల్లూరు పక్కనున్న మా కోవూరు వైపే రావాలి. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కోసుకుపోయింది, హైవే తెగింది. మా అమ్మ ఫోను ఎత్తడం లేదు. నేను సోఫాలో కూర్చుని చానళ్ళు మారుస్తూనే ఉన్నాను, పిల్ల నా ఒళ్ళోనే నిద్రపోయిందనుకున్నాను. నెల్లూరు వానను తను మొదట చూసింది నా మొహంలో. ఆ తర్వాత నేనెన్ని చెరువులు, ఎన్ని నాట్లు చూపించినా అవి రెండోసారి చూసినవే.

అయినా నవంబర్, డిసెంబర్లలో పిల్లలతో వెళ్ళేవాళ్ళు ఉంటారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. మన ఊరే కదా అని డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మానకండి. అమెరికాలో టైఫాయిడ్ బయటపడేవాళ్ళలో ఎక్కువమంది బయటి దేశాలకు వెళ్ళొచ్చినవాళ్ళే, అందులోనూ సొంతవాళ్ళను చూడటానికి వెళ్ళినవాళ్ళు. టైఫాయిడ్ టీకా ఇంజెక్షన్ ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే వేయించాలి. చెన్నైలో దిగాక అదే రాత్రి కారెక్కాలని చూడకండి, స్వర్ణముఖి, కాళంగి పొంగితే నాయుడుపేట, సూళ్ళూరుపేట దారిలో ఎక్కడ ఆగిపోతారో చెప్పలేం. తిరుగు ప్రయాణానికి ఒకటి రెండు రోజులు చేతిలో ఉంచుకోండి. 2023లో మిచాంగ్ తుపాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, ముందురోజే చెన్నై విమానాశ్రయం మూసేశారు. ఊళ్ళల్లో చప్టా మీద నీళ్ళు పారుతుంటే, డ్రైవరు ఎంత ధైర్యం చెప్పినా దాటనివ్వకండి.

ఇక పిల్లలకు ఊరి మీద ఇష్టం ఎలా కలిగించాలో కూడా రాద్దామనుకున్నాను. అది నాకు చేతకావడం లేదు. వాన నాకు ఎందుకింత ముఖ్యమో ఆలోచిస్తే, మా నాయన గుర్తొస్తాడు. వాయుగుండం అని రేడియోలో చెప్పగానే గొడుగు తీసుకుని కాలవ గట్టు మీదికి పోయేవాడు, నేను వెనకే. మా అమ్మాయికి ఆ గట్టూ లేదు, ఆ తాతా లేడు. నాకు వానలో కనిపించేది ఆయన. తనకు కనిపించాల్సింది ఏమిటి? అమ్మమ్మ చాలు అని ఆ పిల్ల తేల్చి చెప్పింది. నేనే ఒప్పుకోలేకపోతున్నాను. రేపు పెద్దయ్యాక అమ్మమ్మ లేని రోజున ఊరికి వెళ్ళడానికి తనకో కారణం మిగలాలని నా ఆరాటం. ఆ కారణం నేను తయారుచేసి ఇవ్వగలిగేదేనా అన్నది తెలియదు.

పోయినసారి ఒక్కచోట మాత్రం తను నన్ను ముందుకు లాగింది. దొరవారిసత్రం దగ్గర నేలపట్టులో, చెరువు నీళ్ళలో నిలబడ్డ చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టుకుంటుంటే వాచ్‌టవర్ ఎక్కి దిగనంది. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలానికి బలమని అక్కడి పెద్దాయన చెబితే, నాకంటే శ్రద్ధగా విన్నది తనే. వానలు పడి చెరువు నిండితేనే అవి గూడు కడతాయన్న మాట కూడా ఆయనే చెప్పాడు. నేను నోరు మూసుకున్నాను.

ఈసారి డిసెంబర్ మూడో వారం అనుకుంటున్నాం. అప్పటికి వానలు తగ్గుముఖం పడతాయి, నాట్లు చాలావరకు అయిపోయి ఉంటాయి. మా అమ్మాయి ఒప్పుకుంది, బైనాక్యులర్స్ తన దగ్గరే ఉండాలన్న షరతు మీద. ఒక్క రోజైనా ముసురు పట్టాలని నాకుంది. అమ్మతో ఆ మాట అంటే, కోతకు ముందు వాన కోరుకోబాకమ్మా అంటుందేమో అనుకున్నాను. "మన చేలు కోతకొచ్చేది సంక్రాంతి దాటాకే, పడితే మంచిదే" అంది.