మాడిసన్ నదిలో జీలుగ బెండు

అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో తిరిగిన మూడు రోజుల గురించి రాయను. ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి బుగ్గ ముందు బెంచీల మీద సగం మంది మనవాళ్లే, ఆ ఫోటోలు మీ ఫోన్లలోనూ ఉండే ఉంటాయి. వెస్ట్ ఎల్లోస్టోన్‌లో మోటెల్ గదికి రాత్రికి 340 డాలర్లు పోశాం. ఆ డబ్బుకి దక్కింది ఒక కిటికీ, దాని అవతల పార్కింగు. నేను చెప్పాలనుకుంటున్నది నాలుగో రోజు, నాన్నా నేనూ మాడిసన్ నదిలో చేపల వేటకెళ్లిన సంగతి.

అసలు ఈ ప్రయాణం నాన్న ఫోన్‌లో పుట్టింది. ఏప్రిల్‌లో డాలస్ వచ్చారు ఆయన. రావులపాలెంలో పొద్దున్నే లేచి గౌతమి గట్టు దాకా నడిచొచ్చే మనిషి, అపార్ట్‌మెంట్‌లో రెండు నెలలు సోఫాకి అతుక్కుపోయారు. ఒకరోజు మధ్యాహ్నం నేను మీటింగ్‌లో ఉండగా పక్క గదిలోంచి పొట్ట పట్టుకుని నవ్వుతున్న చప్పుడు. వెళ్లి చూస్తే ఫోన్‌లో ఒకాయన నడుం లోతు నీళ్లలో నిలబడి, పట్టిన చేపని గర్వంగా కెమెరా ముందుకి ఎత్తాడు. ఆ చేప తోకతో ఆయన చెంప మీద ఒక్కటిచ్చి జారిపోయింది. దాని వెనకాలే ఆయనా బోర్లా పడ్డాడు. తర్వాతి దాంట్లో చేప ఒడ్డుకొచ్చే సమయానికి కుక్క నీళ్లలోకి దూకింది. "ఇదేం వేటే అమ్మాయ్? ఎర లేదు, గుండు లేదు, కర్ర ఊపుతూనే ఉంటారు" అన్నారు నాన్న. ఫ్లై ఫిషింగ్ నాన్నా, అన్నాను. నాకూ అంతకుమించి తెలీదు.

ఆ వారమంతా రాత్రిళ్లు ఇద్దరం కూర్చుని అవే చూశాం. ఆ వీడియోల్లో రెండు కులాలున్నాయని తొందరగానే అర్థమైంది. ఒక రకంలో డ్రోన్ పైనుంచి కొండలు చూపిస్తుంది, గిటార్ మోగుతుంది, లైను గాలిలో నెమ్మదిగా మెలికలు తిరుగుతుంది, ఒక గొంతు జీవితం గురించి చెబుతుంది. అందంగానే ఉంటాయి. కానీ అవి చూసినంతసేపూ అది మనకి కాదు, వేల డాలర్ల సామాను ఉన్నవాళ్లకి అనిపించింది. రెండో రకంలో అందరూ పడిపోతుంటారు. కొక్కెం సొంత టోపీకి తగులుతుంది, చెట్టుకి తగులుతుంది, పక్కవాడి చొక్కాకి తగులుతుంది. మమ్మల్ని మోంటానా దాకా లాక్కెళ్లినవి ఈ రెండో రకం వీడియోలే.

సాల్ట్ లేక్‌లో దిగి, కారు తీసుకుని, ఐ-15, ఆ తర్వాత యూఎస్-20 మీదుగా వెళ్లడం మీకు తెలిసిన దారే. పడవ, గైడు కలిపి రోజుకి 650 డాలర్లు, టిప్పు అదనం. లైసెన్సు వేరు, ఆ లైసెన్సు కొనాలంటే ముందు కొనాల్సిన లైసెన్సు ఇంకోటి. పట్టిన చేపని వదిలేస్తారని నాన్నకి చెప్పింది వెస్ట్ ఎల్లోస్టోన్ దాటాకే. ఆయన మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని, "యాభై వేలు దాటింది. పులుసు కూడా లేదా?" అన్నారు. హెబ్గెన్ లేక్ పొడవునా మరి మాట్లాడలేదు.

క్వేక్ లేక్ దగ్గర మాత్రం కారు ఆపమన్నారు. 1959 ఆగస్టు 17 రాత్రి భూకంపానికి కొండ విరిగి మాడిసన్ నదికి అడ్డంగా పడితే ఏర్పడిన చెరువు అది. ఆ రాత్రి 28 మంది పోయారు. అప్పుడు మునిగిన చెట్లు ఎండు మోళ్లై ఇప్పటికీ నీళ్లలో నిలబడే ఉన్నాయి. నాన్న చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డారు.

ఎన్నిస్ ఊరి బోర్డు చూశాక ఆయన మొహం విచ్చుకుంది. జనాభా 840, ట్రౌట్ చేపలు 1,10,00,000 అని రాసుంది. ఈ ఊరు నాకు నచ్చిందే, అన్నారు.

గైడు ముప్పై ఏళ్ల కుర్రాడు. మాడిసన్ నది మీద వార్నీ బ్రిడ్జ్ దగ్గర పడవ దింపాడు. మధ్యలో తను తెడ్లు పట్టుకుని కూర్చుంటే ముందు నాన్న, వెనక నేను. ముందుగా విసరడం నేర్పాడు. మన గాలంలో సీసపు గుండు బరువుకి దారం వెళ్తుంది. ఇక్కడ బరువంతా దారానిదే. ఫ్లై అంటే కొక్కేనికి ఈకా నూలూ చుట్టిన పురుగు బొమ్మ, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. అందుకే లావుపాటి లైన్‌ని వెనక్కి విసిరి, అది పూర్తిగా సాగేదాకా ఆగి, అప్పుడు ముందుకు తేవాలి. ఆ ఆగడం నాకు చేతకాలేదు. నాన్నకి మూడోసారికే పట్టుబడింది. యాభై ఏళ్లు వెదురు గెడ పట్టిన చెయ్యి అది.

అప్పుడు గైడు పెట్టె తీసి లైనుకి ఒక నారింజరంగు గుండ్రటి ప్లాస్టిక్ పూస కట్టాడు. రేగుపండంత ఉంది, లోపల గాలి. దాని కింద బారెడు సన్న దారం, చివర ఫ్లై. నాన్న వంగి దాన్ని వేలితో తట్టి చూశారు.

"ఇది బెండు కదే!"

నేను గైడుకి చెప్పాను. మా ఊళ్లో జీలుగ కాడ కోసి, ఎండబెట్టి, గాలానికి కడతారు, దాన్ని బెండు అంటారు, ఇదీ అదేనంటున్నారు మా నాన్న, అని. అతను తెడ్లు వదిలేశాడు. పడవ పక్కకి తిరిగిపోతున్నా పట్టించుకోకుండా నవ్వాడు. ఇందులో ఇంత నవ్వేదేముందో నాకు అర్థం కాలేదు. కాసేపటికి ఊపిరి తీసుకుని చెప్పాడు. ఫ్లై ఫిషింగ్‌లో దీన్ని స్ట్రైక్ ఇండికేటర్ అనాలట. బెండుని ఇంగ్లీషులో బాబర్ అంటారు కదా, ఆ మాటంటే నిష్ఠాపరులకి నామోషీ, ఎందుకంటే అది వానపాము గుచ్చి కూర్చునే మామూలు జనం వాడేది. వీళ్ల హాస్యంలో సగం ఈ గొడవ మీదే నడుస్తుందట. బాగా అమ్ముడుపోయే ఒక ఇండికేటర్ పేరే థింగమబాబర్, పేరు తోచని వస్తువుని అనే థింగమబాబ్‌లో బాబర్‌ని కలిపేశారు. "సార్‌కి నిజం ఒక్క నిమిషంలో తెలిసిపోయింది" అన్నాడు.

నాన్నకి హుషారు వచ్చేసింది. "ఎర్రలు కూడా ఉన్నాయేమో అడుగు" అన్నారు. వానపాముల్ని మా వైపు ఎర్రలంటారు. గైడు ఏమీ మాట్లాడకుండా ఇంకో పెట్టె తెరిచి, కొక్కేనికి కట్టిన ఎర్రటి నూగు దారం ముక్క తీసి నాన్న అరచేతిలో పెట్టాడు. దాని పేరు శాన్ హువాన్ వర్మ్. అచ్చం ఎర్ర! నా చిన్నప్పుడు గట్టు మీద బోర్న్‌విటా డబ్బా పట్టుకోవడం నా పని. తడి మట్టిలో అవి మెలికలు తిరుగుతుంటే మూత పెట్టి తెరిచి, పెట్టి తెరిచి చూసేదాన్ని. నాన్న ఆ దారం ముక్కని అటూ ఇటూ తిప్పి, "ఇంత దూరం వచ్చి ఎర్రే వేస్తున్నాం" అని నా వైపు చూశారు.

మధ్యాహ్నం ఒక ఇసుక మేట దగ్గర పడవ ఆపాడు. అతను శాండ్‌విచ్‌లు తెచ్చాడు, మేము పులిహోర తెచ్చుకున్నాం, ముగ్గురం రెండూ తిన్నాం. సిగ్నల్ లేదు కానీ ఫోన్‌లో దాచుకున్న వీడియోలు చూపించాడు. హ్యాంక్ ప్యాటర్సన్ అని ఒక పాత్ర. ఐడహోలోని బాయిసీకి చెందిన ట్రావిస్ స్వార్ట్జ్ అనే నటుడు వేస్తాడట. లోకంలో తనంతటి గైడు లేడనుకునే మనిషి, ఏమీ రాదు, అందరికీ పాఠం చెబుతాడు. "స్నాప్ ఇట్!" అని అరుస్తాడు. ఆ మాట నది మీద గైడ్లకి ఊతపదమైపోయిందట. నాన్నకి ఆ ఇంగ్లీషు సగం కూడా అర్థమై ఉండదు. అయినా ఆ నిలబడే తీరు, ఆ వేలు చూపించడం చూసి కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "ఇలాంటోడు మన కాలువ గట్టు మీద ఒకడుండేవాడే. గాలం ఎప్పుడూ వెయ్యడు. ఎక్కడ వెయ్యాలో మాత్రం అందరికీ చెబుతాడు." అది గైడుకి చెబితే, ప్రతి నదికీ ఒకడుంటాడు అన్నాడు. ఆ గంటలో వాళ్లిద్దరి మధ్యా నా అవసరం పెద్దగా లేకుండా పోయింది. నాకు ఈ వీడియోలంటే ఇంత ఇష్టం అందుకే. కొండలూ గిటారూ చూసినప్పుడు గడప అవతలే నిలబడ్డాం, పడిపోయేవాళ్లని చూసినప్పుడు లోపలికి వచ్చి కూర్చున్నాం.

భోజనం తర్వాత గాలి లేచింది. నా బెండు ఒక రాయి వెనక నురగలో తిరుగుతుంటే నేను కొండల కేసి చూస్తున్నాను. ముందు నుంచి నాన్న కేక.

"మునిగింది, లాగమ్మా!"

లాగాను. చేతిలో బరువు తగిలింది. ఐదు నిమిషాల తర్వాత గైడు వలలో బ్రౌన్ ట్రౌట్, జానెడున్నర పైనే ఉంది. పసుపు పొట్ట, ఒంటినిండా నల్ల చుక్కలు, మధ్య మధ్య కుంకుమ చుక్కలు, చుట్టూ తెల్లటి అంచుతో. గైడు చేతులు ముందు నీళ్లలో తడుపుకుని, చేపని నీళ్లలోనే ఉంచి కొక్కెం తీశాడు. నన్నూ చేతులు తడుపుకోమన్నాడు. ఫోటో కోసం ఎత్తేలోపు అది జారిపోయింది. ఆ ఫోటోలో నా రెండు చేతులూ, నీటి తుంపరా, వెనకాల నోరంతా తెరిచి నవ్వుతున్న నాన్న ఉన్నారు.

వదిలేయడం గురించి నాన్న అప్పుడు అడిగారు. 1974 నుంచి మోంటానాలో ఇలాంటి నదుల్లో పెంచిన చేపలు తెచ్చి వదలడం మానేశారని గైడు చెప్పాడు. ఈ మాడిసన్ మీదే పరిశోధన చేస్తే, పెంచిన చేపల్ని వదలడం ఆపాక నదిలో పుట్టిన చేపలు పెరిగాయని తేలిందట. ఇక్కడున్నవన్నీ ఇక్కడ పుట్టినవే, అందుకే పట్టినవి వదిలేస్తాం, అన్నాడు. నాన్న నీళ్లలోకి చూస్తూ, "మన కాలువలో ఇప్పుడు గాలం వేస్తే కవర్లు తగులుతున్నాయి" అన్నారు. అది నేను ఇంగ్లీషులో చెప్పలేదు. అతనూ అడగలేదు.

పడవ దిగేముందు, నాన్న కేక వేసిన ఆ ముక్క తన ఛాతీ మీది కెమెరాలో పడిందని, ఉంచుకోవచ్చా అని అడిగాడు గైడు. నాన్న ఫోటోకి నిలబడ్డట్టు చొక్కా సర్దుకుని సరేనన్నారు.

సెప్టెంబర్‌లో నాన్న రావులపాలెం వెళ్లిపోయారు. అక్టోబర్‌లో గైడు ఒక క్లిప్ పంపాడు. మా పడవే, వేరే మనుషులు. ఎవరిదో నారింజ పూస మునగగానే అతను తెడ్ల మీంచి లేచి "బెండూ! బెండూ!" అని అరుస్తున్నాడు, వాళ్లు కంగారుగా లాగుతున్నారు. వెంటనే నాన్నకి పంపాను. టీ కొట్టు దగ్గర ఎంతమందికి చూపించారో కానీ రెండు గంటల తర్వాత ఫోన్ చేశారు.

"బాగుందే. ఆ కుర్రాడికి చెప్పు, ఆ దీర్ఘం తీసెయ్యమను."