అన్ని మొగ్గులూ తప్పులు కావు

ఒక మనిషికి బయాస్, అంటే ఒకవైపు మొగ్గు, ఉందంటే అది నింద. గణాంక శాస్త్రంలో ఒక అంచనా పద్ధతికి బయాస్ ఉందంటే అది కేవలం వర్ణన. ఈ తేడాను పట్టించుకోకుండా, హేతుబద్ధంగా ఆలోచించడమంటే ఏ మొగ్గూ లేకుండా ఉండడమేనని వాదించేవారితో నేను ఏకీభవించలేను.

ప్రతిసారీ ఒక డిగ్రీ ఎక్కువ చూపే థర్మామీటరుకు గణాంక శాస్త్రం చెప్పే బయాస్ ఉంది. ఒకసారి ఎక్కువ, మరోసారి తక్కువ చూపేదానిలో ఉన్నది నిలకడలేమి. తేడా ఎంతో తెలిస్తే మొదటిదాన్ని నిశ్చింతగా వాడుకోవచ్చు. రెండోదాని ఏ ఒక్క కొలతనూ నమ్మలేం. అంతకన్నా ఆశ్చర్యకరమైన విషయాన్ని 1956లో గణాంక శాస్త్రవేత్త చార్లెస్ స్టెయిన్ నిరూపించాడు. కొలతల్లోని దోషాలు సాధారణ వితరణను (చిన్న దోషాలు తరచుగా, పెద్దవి అరుదుగా, రెండు వైపులా సమానంగా వచ్చే గంట ఆకారపు తీరును) అనుసరిస్తున్నప్పుడు, మూడు లేదా అంతకు మించిన రాశుల సగటులను ఒకేసారి అంచనా వేయవలసి వస్తే, కొలిచిన విలువలను ఉన్నవి ఉన్నట్టుగా తీసుకోవడం కన్నా వాటన్నిటినీ తగిన మేరకు ఒకే బిందువు వైపు జరపడం వల్ల మొత్తం దోషం సగటున తగ్గుతుంది. అంటే, కావాలని చేర్చిన బయాస్ మనల్ని సత్యానికి దగ్గర చేస్తుందన్నమాట. ఈ ఫలితం ఇంకా ఎక్కువ మందికి తెలియవలసి ఉందని నా అభిప్రాయం.

బయాస్‌కు 1974లో మనస్తత్వవేత్తలు ట్వెర్‌స్కీ, కానెమన్ ప్రసిద్ధం చేసిన అర్థం వేరు: తొందరగా తేల్చుకోవడానికి మనసు వాడే అడ్డదారులు కొన్ని సందర్భాల్లో ఒకే తీరు పొరపాట్లకు దారితీస్తాయి. మనస్తత్వవేత్త పీటర్ వాసన్ 1960లో ప్రచురించిన ప్రయోగంలో 2, 4, 6 అనే అంకెలిచ్చి, వాటి వెనుక ఉన్న నియమాన్ని కనుక్కోమన్నారు. రెండేసి చొప్పున పెరగాలని ఊహించినవారిలో చాలామంది 8, 10, 12 వంటివి ఆ నియమానికి సరిపోతాయా అని అడిగి, ప్రతిసారీ ‘సరే’ అనిపించుకుని, తమ ఊహ రుజువైందనుకున్నారు. అసలు నియమం అంకెలు పెరుగుతూ పోవడమే. 1, 2, 3 అని అడిగి ఉంటే, దానికీ ‘సరే’ అనే జవాబు వచ్చి, ఊహ తప్పని వెంటనే తెలిసేది. ఇక్కడ లోపం ముందే ఒక ఊహ ఉండడంలో లేదు, అది వీగిపోగల ప్రశ్నను అడగకపోవడంలో ఉంది.

పక్షపాతాన్ని కూడా నేను ఈ కోణం నుంచే చూస్తాను. పేరు చూసి దరఖాస్తును పక్కన పెట్టే అధికారి తన అనుభవాన్నే లెక్కలోకి తీసుకున్నానని చెప్పుకోవచ్చు. అతని లెక్క సగటున నిజమే అనుకున్నా, ఆ అభ్యర్థికి జరిగిన అన్యాయం అన్యాయంగానే మిగులుతుంది. పైగా, తిరస్కరించిన మనిషి పనితనం ఆ అధికారి కంట ఎన్నడూ పడదు కనుక, ఆ లెక్కను సరిదిద్దగల ఆధారం అతనికి అందే మార్గమే లేదు.