వంద మీటర్ల గీత

కాళేశ్వరంలో బస్సు దిగి గోదావరి వంతెన దాటితే సిరొంచ. గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర. బోర్డులు మరాఠీలో, బేరాలు తెలుగులో. 2016 చివర్లో వంతెన తెరిచే దాకా మామ ఇంటికి రావాలంటే పడవే గతి.

మర్నాడు పొద్దున్నే మామ బండి మీద చేనుకు తీసుకెళ్లాడు. సగం చేలో మిరప. మిగతా సగంలో అడుగు పెడితే చెప్పు దిగబడింది. 2022 జూలై వరద వేసిన ఇసుక మేట. ట్రాక్టర్లు పెట్టి ఎత్తించడానికి డబ్బుల్లేక వదిలేశాడు. కర్రతో మూరెడు తవ్వాక నల్లమట్టి కనిపించింది.

తెలంగాణ కట్టిన కాళేశ్వరం ఎత్తిపోతల ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ ఇక్కడికి దిగువన ఉంది. 85 గేట్లు, 16.17 టీఎంసీలు. ప్రాణహిత గోదావరిలో కలిశాక వచ్చే నీటిని ఆపి, ఏటా 195 టీఎంసీలు ఎత్తిపోయాలని ప్లాను. మొత్తం ప్రాజెక్టు నీళ్లలో 30 టీఎంసీలు హైదరాబాదు తాగునీటికి. నేనుండేది అక్కడే. కాగితం మీదైనా నా పేరున కొన్ని బిందెలు ఉన్నట్టే.

2016 ఆగస్టులో తెలంగాణ, మహారాష్ట్ర రెండూ బ్యారేజీ నిండు నీటిమట్టాన్ని సముద్రమట్టానికి 100 మీటర్ల ఎత్తుకు ఒప్పుకున్నాయి. అది నిలకడ నీటి లెక్క. వరదప్పుడు బ్యారేజీకి పైన నీళ్లు ఇంకా ఎత్తున ఉంటాయి, వేగం తగ్గిన చోట ఇసుక దిగుతుంది. పనులు 2016లోనే మొదలైతే పర్యావరణ అనుమతి వచ్చింది 2017 డిసెంబరులో. పని మొదలెట్టాక ఇచ్చిన ఆ అనుమతి చట్టవిరుద్ధమని 2020 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ తేల్చింది. అప్పటికే బ్యారేజీ ప్రారంభోత్సవం జరిగి ఏడాది దాటింది.

"వరద అంతకుముందు రాలేదా మామా?" అన్నాను.

"రాకేం, వచ్చేది. వచ్చి పోయేది. ఇప్పుడు నిలబడుతుంది అల్లుడా" అంటూ కొట్టం గోడ చూపించాడు. నా భుజం ఎత్తున మట్టి చార.

సాయంత్రం బ్యారేజీని దూరం నుంచే చూశాం. 2023 అక్టోబరులో పిల్లర్లు కుంగినప్పటి నుంచి గేట్లు ఎత్తే ఉంచారు. ఇసుక తిన్నెల మధ్య నది పాయలుగా పారుతోంది. ఒక కొంగ, రెండు గేదెలు.

ఇంటికొచ్చాక మామ ట్రంకు పెట్టెలోంచి సాత్‌బారా (ఇక్కడి భూమి పత్రం), పంచనామా, ఏదో ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం తీశాడు.

"చదువుకున్నోడివి, పైసలు ఎప్పుడిస్తమన్నరో చూడు."

అంతా మరాఠీ.

"నాకు రాదు మామా."

"నాకు మాట్లాడొస్తది, చదువరాదు" అని మడిచి పెట్టేశాడు. "పోరడు బడి నుంచి రానీ."