జకార్డు అట్టలూ, క్రాఫ్ట్ పీరియడూ

ధర్మవరంలో మేము చదివిన బడిలో వారానికొక క్రాఫ్ట్ పీరియడ్ ఉండేది. ఆరో తరగతిలో తకిలీలతో నూలు వడికాము, ఏడులో కాగితం పూలు చేశాము. పదికి వచ్చేసరికి ఆ గంట కాస్తా లెక్కల సారుదైపోయింది. టైంటేబుల్‌లో మాత్రం క్రాఫ్ట్ అన్న మాట అలాగే ఉండిపోయింది. విచిత్రమేమంటే, బడి వదలగానే మాలో చాలామందిమి వెళ్లేది మగ్గాల ఇళ్లకే.

మా మగ్గం మీద వేలాడే జకార్డు అట్ట అంటే చీర డిజైన్‌ను రంధ్రాలుగా పొడిచిన అట్ట. అందులో రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. లేచిన పోగుల కిందుగా, అడ్డపోగును మోసుకెళ్లే నాడె దూసుకుపోయిన కొద్దీ అంచులో మామిడిపిందె వరుస వరుసగా తేలుతుంది. కంప్యూటర్ పాఠంలో సున్నా, ఒకటి అని బోర్డు మీద రాసి, ఇంత చిన్న విషయం ఎందుకు తలకెక్కదని సారు విసుక్కున్న రోజున, ‘ఇది మా అట్టే కదా సార్’ అనడానికి నాకు నోరు రాలేదు.

బడిలో వృత్తివిద్య అనగానే కొందరు పెద్దలు ఉలిక్కిపడతారు, అందుకు కారణమూ ఉంది. చేతిపనిని ఆధారం చేసుకుని చదువు సాగాలని 1937లో వార్ధా సమావేశంలో గాంధీజీ ప్రతిపాదించారు. 1953లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలోని పల్లెబడుల సమయాన్ని రోజుకు మూడు గంటలకు కుదించి, తక్కిన పొద్దు పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలంది. (ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మన సీమ కూడా ఆ రాష్ట్రంలోనిదే.) అది కులవృత్తి చదువంటూ జనం మండిపడ్డారు, 1954లో కామరాజ్ ముఖ్యమంత్రిగా వచ్చాక దాన్ని ఎత్తివేశారు. మొదటిది పనిని బడిలోకి తెచ్చింది, రెండోది బిడ్డను బడి నుంచి ఇంటికి పంపింది. ఈ తేడా చూడకుండా రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ఈ చర్చ ముందుకు సాగడం లేదని నాకనిపిస్తుంది.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా స్థానిక వృత్తిదారుల దగ్గర గడపాలంది. మంచిదే, కానీ తెగిన పోగును ముడివేసి, దువ్వెనలాంటి అచ్చులోంచి మళ్లీ తీయడం కూడా పది రోజుల్లో చేతికి రాదు. ఏడాది పొడవునా సాగాలి, మార్కులుండాలి, చదువు రాదనుకున్న పిల్లలను అటు తోసేసే అలవాటు పోవాలి. నేతగాడి బిడ్డ మోటారు వైండింగ్ నేర్చుకుంటే, అయ్యవారి బిడ్డ మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోవాలి. అప్పుడే అది కులవృత్తి కాకుండా పోతుంది.

ఇక నేర్పేదెవరు? మా నాన్న నాలుగో తరగతితో ఆపేశారు. ఒక గంట వచ్చి అట్టల సంగతి చెప్పమని ఆ మధ్య ఒక హెడ్మాస్టరు అడిగితే, ‘డిగ్రీ లేనోణ్ణి పిల్లోళ్లు సారంటారా?’ అన్నారు. రెండు రోజులు ఆలోచించి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నాలుగు పాత అట్టలు సంచిలో పెట్టుకుని వెళ్లారు.