కెఫీన్ ఇస్తే ఎలుక మీట (లీవర్) ఎందుకు నొక్కింది?

కొకెయిన్‌కు అలవాటు పడి, తర్వాత అది దొరక్క లీవర్ జోలికి పోవడం మానేసిన ఎలుకకు కెఫీన్ సూది వేస్తే, మళ్ళీ ఆ లీవరే నొక్కుతుంది. పరిశోధకురాలు షెంక్ బృందం 1994లోనే ఈ ఫలితాన్ని ప్రచురించింది. వినగానే ‘కాఫీ తాగితే పాత మత్తు తిరగబెడుతుంది’ అనిపిస్తుంది. అక్కడిదాకా వెళ్ళే ముందు ఆ నొక్కుళ్ళను ఎలా లెక్కపెట్టారో చూడాలి.

ముందు ఎలుక మెడలోని జుగులర్ సిరలో సన్నని సిలికాన్ గొట్టం అమర్చుతారు. పుండు మానడానికి వారం పడుతుంది. ఈలోగా గొట్టం పూడుకుపోకుండా రోజూ రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ కలిపిన సెలైన్ ఎక్కిస్తారు. తర్వాత రోజుకు రెండు గంటలు పెట్టెలో వదులుతారు. లోపల రెండు లీవర్లుంటాయి. ఒకటి నొక్కితే లైటు వెలిగి, కిలో బరువుకు సుమారు అర మిల్లీగ్రాము కొకెయిన్ సిరలోకి వెళ్తుంది. రెండోది నొక్కితే ఏమీ జరగదు. లెక్క నిలకడగా వచ్చాక కొకెయిన్ బదులు సెలైన్ పెడతారు. నొక్కుళ్ళు కొద్ది రోజుల్లో పడిపోతాయి. అప్పుడు కడుపులోకి కెఫీన్ సూది వేసి మళ్ళీ పెట్టెలో వదులుతారు. ఇప్పుడు లీవర్ నొక్కినా మందు రాదు. రాకపోయినా ఎన్నిసార్లు నొక్కిందన్నదే కొలత.

ఈ ఎలుక తనంతట తాను ‘మానేసింది’ కాదు, ఆశ వదులుకుంది. ఈ తేడా చిన్నది కాదు.

తప్పులు ఎక్కువగా మొదటి దశలోనే దొర్లుతాయి. గొట్టం పూడుకుపోతే మందు అందక నొక్కుళ్ళు తగ్గిపోతాయి. చూసేవాళ్ళకు అలవాటు పోయినట్టే కనిపిస్తుంది. అందుకే నడుమ నడుమ గొట్టంలోకి త్వరగా స్పృహ తప్పించే మందు చుక్క ఎక్కిస్తారు. కొన్ని సెకన్లలో ఎలుక ఒళ్ళు వదిలేస్తే గొట్టం బాగున్నట్టు. లేదంటే ఆ ఎలుక అంకెలు పక్కన పెట్టాల్సిందే.

కెఫీన్ కలపడంలోనూ మెలికలున్నాయి. మోతాదు సాధారణంగా కిలోకు 10 నుంచి 20 మి.గ్రా. మిల్లీలీటరుకు 10 మి.గ్రా. ద్రావణమైతే 300 గ్రాముల ఎలుకకు కిలోకు 10 మి.గ్రా. మోతాదు అంటే 0.3 మి.లీ. ఆ సీసాను ఫ్రిజ్‌లో పెడితే అడుగున తెల్లటి సూదుల్లాంటి స్ఫటికాలు చేరతాయి. పైతేట తీసి సూది వేస్తే అనుకున్న మోతాదు వెళ్ళదు. గది వేడికి తెచ్చి, పూర్తిగా కరిగించాకే వాడాలి. సీసా మీద కెఫీన్ సిట్రేట్ అని ఉంటే అందులో సగమే కెఫీన్. అది గమనించకుండా తూకం వేస్తే మోతాదు సగానికి పడిపోతుంది.

అసలు చిక్కు ఇంకోటి. కెఫీన్ ఎలుకను కాలు నిలవనివ్వదు. పెట్టెంతా తిరుగుతూ దేన్నో ఒకదాన్ని నొక్కుతూనే ఉంటుంది. అందుకే నేను ముందు చూసేది రెండో లీవర్ అంకె. అదీ అదే నిష్పత్తిలో పెరిగితే అది ఉత్త కుదురులేనితనం. మొదటిదే పెరిగితే కోరిక అనడానికి కొంత ఆధారం దొరుకుతుంది. మోతాదు బాగా పెంచితే తిరుగుడు తగ్గడం మొదలవుతుంది కాబట్టి, ఒక్క మోతాదుతో చేసిన పరీక్షను నేను పెద్దగా నమ్మను. కొకెయిన్ బదులు చక్కెర బిళ్ళల కోసం నేర్చుకున్న ఎలుకల మీద కూడా అదే సూది పరీక్షించి ఉంటే ఇంకా మేలు.

మెదడులో జరిగేది మాత్రం కాస్త స్పష్టంగానే ఉంది. స్ట్రయేటం అనే మెదడు భాగంలో కొన్ని కణాల మీద డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 గ్రాహకాలు, అడినోసిన్ అనే మరో రసాయనాన్ని అందుకునే ఏ2ఏ గ్రాహకాలు పక్కపక్కనే ఉంటాయి. అడినోసిన్ ఏ2ఏ మీద కూర్చుంటే డీ2 సంకేతం తగ్గుతుంది. కెఫీన్ ఆ చోటు ఆక్రమించి బ్రేకు తీసేస్తుంది. స్ట్రయేటంలోనే ఒక భాగమైన న్యూక్లియస్ అక్కంబెన్స్‌లో, ఎలుకల్లో, ఏ2ఏను ప్రేరేపిస్తే కొకెయిన్ వెతుకులాట తగ్గిందని, అడ్డుకుంటే పెరిగిందని 2012లో బాక్‌టెల్ బృందం చూపించింది. ఏ1 అనే మరో అడినోసిన్ గ్రాహకాన్ని, ఏ2ఏను రెండింటినీ అడ్డుకునే మరో మందుతో బబూన్ కోతుల్లోనూ నొక్కుళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. అది 2003 నాటి మాట.

మనుషుల లెక్కకు వద్దాం. శరీర ఉపరితలం ప్రకారం మార్చాలంటే ఎలుక మోతాదును సుమారు 6.2తో భాగించాలి. ఎలుకకు కిలోకు 20 మి.గ్రా. అంటే మనిషికి కిలోకు 3.2 మి.గ్రా. 60 కిలోల మనిషికి 190 మి.గ్రా. పైచిలుకు, అంటే దాదాపు రెండు చిక్కటి కాఫీలు. అసాధ్యమైన మోతాదేమీ కాదు. కానీ ఎలుకకు అది ఒక్క సూదిలో, ఒక్క దెబ్బకు వెళ్తుంది. పైగా చాలా ప్రయోగాల్లో ఆ ఎలుకలు అంతకుముందు కెఫీన్ ఎరగవు. పొద్దున్నా సాయంత్రం కాఫీ తాగేవాళ్ళ మాట వేరు: రోజూ ఇస్తే కొద్ది రోజుల్లోనే ఎలుకల్లో కూడా కెఫీన్ వల్ల వచ్చే ఆ తిరుగుడు తగ్గిపోతుంది.

మత్తు మందులో కెఫీన్ కలిపి అమ్మే చోట పరిస్థితి మళ్ళీ మారుతుంది. మయన్మార్, థాయ్‌లాండ్‌ల యాబా అనే మత్తు బిళ్ళలో మెథాంఫెటమిన్ అనే ఉత్తేజక మందు కంటే కెఫీనే ఎక్కువ ఉంటుంది. దక్షిణ అమెరికాలో కొకెయిన్ తయారీ మధ్యలో వచ్చే కోకా పేస్టులోనూ కలుపుతారు. అక్కడ రెండూ ఒకేసారి ఒంట్లోకి వెళ్తాయి. ఇది మానేశాక కాఫీ తాగడం లాంటిది కాదు. అందుకే ఇలాంటి పేపరు చేతికొస్తే నేను ముందు పద్ధతుల భాగం తెరిచి, కెఫీన్ సూదిలో ఇచ్చారా, తాగే నీళ్ళలో కలిపారా, కొకెయిన్‌తో పాటే ఇచ్చారా అని చూస్తాను. ఆ తర్వాతే గ్రాఫుల దగ్గరికి వెళ్తాను.