డై అంటే రెండు కాదు

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ ఏడాది దానికి జామెట్రీ, బయాలజీ రెండూ ఉన్నాయి. మొన్న జామెట్రీ క్విజ్ పేపరు తెచ్చి బల్ల మీద పడేసింది. కోణాన్ని కంపాస్‌తో చక్కగా రెండు సమభాగాలు చేసింది, చాపాలు ఎక్కడా తప్పలేదు. కింద వివరణలో మాత్రం 'బైసెక్ట్' అనాల్సిన చోట కోణాన్ని 'డిసెక్ట్' చేశానని రాసింది. టీచర్ ఆ మాట చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి అర మార్కు కోసేసింది.

"తేడా ఏముందమ్మా? బై అంటే టూ. డై అన్నా టూ, కార్బన్ డైఆక్సైడ్‌లో లాగా. రెండూ సేమ్ కదా!"

నాకు నవ్వాగలేదు. కానీ పిల్ల అన్నదాంట్లో లాజిక్ ఉంది. బైసెక్ట్ వరసలో ఇక్కడ అమెరికాలో చాలామంది డైసెక్ట్ అనే పలుకుతారు, డిక్షనరీలు కూడా దాన్ని ఒప్పేసుకున్నాయి. "స్పెల్లింగ్ చూడు, రెండు ఎస్‌లున్నాయి" అన్నాను. మాటను విరవాల్సింది 'డిస్' దగ్గర, 'డై' దగ్గర కాదు. లాటిన్‌లో డిస్ అంటే విడివిడిగా, సెక్ట్ అంటే కోసినది. బైసెక్ట్‌కి లెక్కుంది: రెండే ముక్కలు, జామెట్రీలో అయితే రెండూ సమానం. డిసెక్ట్‌కి ఆ లెక్క లేదు. లోపల ఏముందో తెలిసేదాకా విడదీసుకుంటూ పోవడమే.

నిజానికి ఈ తేడా నాకు ఇంగ్లిషులో తట్టింది కాదు. పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. 'సమద్విఖండన రేఖ' అని లెక్కల మాస్టారు బోర్డు మీద రాస్తుంటే వెనక బెంచీలో నోరు తిరగక నవ్వుకునేవాళ్లం. ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియంలో పడ్డాక, ఆ మాటలు ఎక్కడ నోటికి వచ్చేస్తాయోనని టెన్షన్. అలా దాచుకున్న మాటను ఇరవై ఏళ్ల తర్వాత కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, డైనింగ్ టేబుల్ దగ్గర బయటికి తీశాను. సమ, ద్వి, ఖండన అని విడదీసి చెప్పాను. డిసెక్షన్‌కి విచ్ఛేదనం. 'వి' అంటే విడిగా, ఛేదనం కోయడం.

అది కాగితం మీద రాసుకుంది. "ఈక్వల్, టూ, కటింగ్. అమ్మా, ఇది చీటింగ్! డెఫినిషన్ పేరులోనే ఉంది."

బయాలజీ వైపు నుంచి ఇంకో కాగితం వచ్చి అప్పటికే నాలుగు రోజులుగా ఫ్రిజ్ మీద ఉంది. వచ్చే నెల కప్ప డిసెక్షన్. 1987లో కాలిఫోర్నియాలోనే ఒక హైస్కూలు అమ్మాయి కప్పను కోయనని మొండికేసి కోర్టు దాకా వెళ్లింది. మరుసటి ఏడే చట్టం వచ్చింది. మనసొప్పని పిల్లలు తల్లిదండ్రుల చీటీ ఇచ్చి తప్పుకోవచ్చు. ఆ చీటీ మీద సంతకం పెట్టాల్సింది నేను. మా ఆయన "పెట్టేయ్, గొడవ వదిలిపోతుంది" అన్నారు. మా అమ్మ వీడియో కాల్‌లో "అయ్యో, నోరులేని జీవం, పాపం కదే" అంది. పిల్ల మాత్రం అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు.

"నువ్వు చేశావా?" అని అడిగింది.

చేశాను. బైపీసీ ప్రాక్టికల్స్‌లో బొద్దింక. మైనం పోసిన ట్రేలో పిన్నులు గుచ్చి, పైన నీళ్లు పోసి, లాలాజల గ్రంథులు చూపించాలి. నా చెయ్యి వణికి గ్రంథి కాస్తా తెగిపోయింది. పక్కమ్మాయి ట్రే చూసి బొమ్మ వేశాను. "కోయమన్నది పై పెంకును. లోపలివి విడదీయాలి, తెంపకూడదు" అని లెక్చరర్ చివాట్లు పెట్టారు. డిసెక్షన్‌లో కత్తెర పని కొంచెమే, మిగతాదంతా ఫోర్సెప్స్‌తో, ఓపికతో నడుస్తుంది.

"అసలు కత్తి లేకుండా చేయొచ్చా?" అంది. సుశ్రుత సంహితలో అలాంటిదే ఉందని చెప్పాను. శవాన్ని గడ్డితో చుట్టి ప్రవాహంలో ఏడు రాత్రులు నాననిచ్చి, వట్టివేళ్లు, వెదురు వంటివాటితో చేసిన కుంచెతో మెల్లగా గీకుతూ, చర్మం దగ్గర్నుంచి ఒక్కో పొరా చూడమంటుంది. పిల్ల ముఖం అదోలా పెట్టి "ఇంటరెస్టింగ్, బట్ యక్" అంది.

ఆదివారం గుత్తివంకాయ చేద్దామని దాన్ని పిలిచి కత్తి ఇచ్చాను. "నిలువునా బైసెక్ట్ చెయ్. అడ్డంగా తిప్పి ఇంకోసారి. కానీ తొడిమ దాకా పోకు, కాయ విడిపోకూడదు."

"అంటే కట్ చేయాలి, సెపరేట్ చేయకూడదు. దీనికి మీ దగ్గర పెద్ద వర్డ్ ఏదీ లేదా?"

లేదు. గుత్తిగా కోయడం అంటాం, అంతే. మొదటి కాయ నాలుగు ముక్కలై చేతిలోకి వచ్చేసింది. రెండోది నిలబడింది. కోసినవి కోసినట్టు ఉప్పునీళ్లలో వేస్తూ పోయింది. ఐదో కాయ దగ్గర ఆగిపోయింది. పైకి నిగనిగలాడుతున్న కాయ లోపల నల్లగా ఉంది.

"పుచ్చు. పారెయ్" అన్నాను.

పారేయలేదు. తొడిమ తీసి పక్కన పెట్టింది. ఆ నలుపు ఎక్కడ మొదలైందో చూడ్డానికి చెంచా వెనకవైపుతో గింజలు ఒత్తుతూ, గుజ్జును పాయలు పాయలుగా విడదీసుకుంటూ పోయింది. పోపు మాడిపోయేలా ఉంటే నేను స్టవ్ దగ్గరికి పరుగెత్తాను. తిరిగి చూసేసరికి ప్లేటంతా వంకాయ పరిచి ఉంది.

"తొడిమ కింద నుంచి లోపలికి వెళ్లిందమ్మా. చూడు, ఇక్కడ దారి ఉంది." తల ఎత్తకుండానే అంది, "ఆ ఫారం మీద సంతకం పెట్టలేదు కదా నువ్వు? పెట్టకు."